ఓడిపోవడానికి 22 దారులు

గౌతముడి న్యాయసూత్రాల్లో మొదటి సూత్రం చదివినవాళ్ళకు ఒక అనుమానం రావాలి. 16 పదార్థాల తత్త్వం తెలిస్తే నిఃశ్రేయసం, అంటే మోక్షం, దక్కుతుందని ఆ సూత్రం చెబుతుంది. ప్రమాణం, ప్రమేయం, సంశయం, ప్రయోజనం అంటూ జాబితా గంభీరంగానే మొదలవుతుంది. దృష్టాంతం, సిద్ధాంతం, అవయవాలు, తర్కం, నిర్ణయం దాకా పేచీ లేదు. ఆ తరువాత వాదం వస్తుంది. దాని వెనకే జల్పం, వితండం, హేత్వాభాసం, ఛలం, జాతి, నిగ్రహస్థానం వరసగా దిగుతాయి. గెలుపు కోసం చేసే వాదన, తన పక్షమేదో చెప్పకుండా ఎదుటి పక్షాన్ని కొట్టేసే వాదన, హేతువులా కనిపించే అహేతువు, మాట మెలిపెట్టి చేసే మోసం, పోలికలు పట్టుకుని చేసే ఉత్త ఖండన, చివరికి వాదంలో ఓడిపోయే తావులు. ఆత్మ గురించి, దుఃఖం గురించి తెలుసుకుంటే మోక్షం వస్తుందంటే సరే. మాట మెలిపెట్టే విద్య గురించి తెలుసుకుంటే ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న చిన్నప్పుడు మా తాతయ్యను అడిగాను. ఆయన గుంటూరు జిల్లా పల్లెటూళ్ళో పిల్లలకు సంస్కృతం చెప్పుకుని బతికిన మనిషి. వేసవి సెలవుల్లో నన్ను అరుగు మీద కూచోబెట్టి తర్కసంగ్రహం చెప్పేవాడు. పదిహేడో శతాబ్దంలో ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడనీ, దేశమంతా తర్కంలో ఓనమాలు ఆ పుస్తకంతోనే దిద్దుకుంటుందనీ ఆయనకు గొప్ప. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించే పాఠం అయ్యాక నేనీ సందేహం లేవదీశాను. “నలుగురితో వాదించి చూడరా, నీకే తెలుస్తుంది” అన్నాడు. అది జవాబో, తప్పించుకోవడమో అప్పట్లో తెలియలేదు.

తర్కం నాకు అన్నం పెట్టలేదు. కంప్యూటర్లు పెట్టాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు దగ్గర్లో నాదో రిపేరు షాపు. మదర్‌బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు, చచ్చిపోయిన హార్డ్‌డిస్కుల మధ్య జీవితం గడిచింది. సాయంత్రం గిరాకీ తగ్గాక నలుగురు చేరతారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు, ఎదురుగా సీసీ కెమెరాలు అమ్మే తమ్ముడు, హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ దారిలో ఆగే ఓ సాఫ్ట్‌వేర్ బాబు, మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. ఎక్కడ మొదలైనా మాటలు మూడు చోట్లకే చేరతాయి. మాస్టారు పెట్టే ఫిజిక్స్ చిక్కుముడి, ఏ ప్రాసెసర్ మంచిదన్న తగాదా, ఆ తరువాత రాజకీయం. తాతయ్య చెప్పిన మాట నాకు ఈ మూడింటి మధ్యనే అర్థమవుతూ వచ్చింది.

ఒక సాయంత్రం మాస్టారు అడిగారు. “బకెట్లో నీళ్ళున్నాయి. నీళ్ళ మీద స్టీలు గిన్నె తేలుతోంది. గిన్నెలో కిలో తూకంరాయి ఉంది. ఆ రాయి తీసి నీళ్ళలో పడేస్తే బకెట్లో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?” ఎదురు షాపు తమ్ముడు వెంటనే “అట్లనే ఉంటది సార్, రాయి అదే, బకెట్ అదే, నీళ్ళు యాడికి పోతయ్?” అన్నాడు. సాఫ్ట్‌వేర్ బాబు పెరుగుతుందన్నాడు. కుర్రాడు ఏమీ అనకుండా పక్కింటి కిరాణా షాపుకెళ్ళి ఇనుప తూకంరాయి తెచ్చాడు. బకెట్ మీద మార్కర్‌తో గీత గీశారు. రాయి నీళ్ళలో పడింది, మట్టం గీత కిందికి దిగింది. గిన్నెలో ఉన్నంతసేపు ఆ కిలో బరువుకు సరిపడా నీటిని, అంటే ఒక లీటరును, పక్కకు నెడుతుంది. మునిగాక తన ఘనపరిమాణం మేరకే నెడుతుంది. నీటికంటే ఇనుము దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రం కాబట్టి అది సుమారు 130 మిల్లీలీటర్లే. తమ్ముడు తల గోక్కుని నవ్వాడు. “మస్తుంది సార్” అని మెచ్చుకుని అందరికీ ఇరానీ చాయ్ చెప్పాడు.

ఆ చాయ్ చల్లారకముందే మాట ఎన్నికల మీదికి మళ్ళింది. తన పార్టీ ప్రభుత్వం చేసిన ఒక పని గురించి సాఫ్ట్‌వేర్ బాబు ఏదో అంకె చెప్పాడు. తమ్ముడి ముఖం మారింది. అంకె తప్పన్నాడు. ఫోన్లో చూపిస్తే ఆ పత్రిక వాళ్ళదన్నాడు. ఇంకో పత్రిక చూపిస్తే “మీవాళ్ళు చెయ్యలేదా?” అన్నాడు. బకెట్ దగ్గర ఓడిపోయి చాయ్ తాగించిన మనిషి పావుగంటలో వేరే మనిషయ్యాడు. రోజూ జరిగేదే ఇది. ఇందులో తమ్ముణ్ణి ఒక్కణ్ణే అనడానికి లేదు, ఆ రోజు అంకె చెప్పిన బాబు మరో రోజు అచ్చం ఇలాగే చేస్తాడు.

న్యాయశాస్త్రం దీనికి మూడు గదులు కట్టిపెట్టింది. ఇద్దరూ ప్రమాణాలతో, తర్కంతో, నిజం తేలాలని మాట్లాడితే వాదం. నిజం సంగతి తరువాత, ముందు గెలవాలి అనుకుంటే జల్పం, అక్కడ ఛలం, జాతి లాంటి అడ్డదారులకు కూడా చోటుంది. సొంత పక్షం నిలబెట్టుకునే బాధ్యతే లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనైతే వితండం. గీతలో కృష్ణుడు తన విభూతులు లెక్కపెడుతూ వాదించేవాళ్ళ మాటల్లో తాను వాదాన్ని అంటాడు. జల్పాన్నీ వితండాన్నీ తనవిగా చెప్పుకోలేదు. మిళిందపన్హాలో నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుడితో చర్చ కొనసాగించేముందే తేల్చుకుంటాడు, పండితుల్లా మాట్లాడతావా, రాజుల్లా మాట్లాడతావా అని. పండితుల మధ్య మాట విప్పుతారు, సరిదిద్దుతారు, ఎవరూ కోపగించుకోరు. రాజు ఒక మాటంటాడు, కాదన్నవాడికి శిక్ష వేస్తాడు. మిళిందుడు పండితుడిలాగే మాట్లాడతానని ఒప్పుకున్నాకే చర్చ ముందుకు సాగింది.

అయితే ఫిజిక్స్ వాదమూ, రాజకీయం జల్పమూ అని తేల్చేసి దుకాణం కట్టేయవచ్చా? బకెట్ దగ్గర ప్రమాణం చేతికందుతుంది, రాజకీయంలో అందదు, తేడా విషయంలోనే ఉందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నా వృత్తే దానికి సాక్ష్యం.

హార్డ్‌వేర్ కంటే సులువుగా తేలే విషయం లేదు. సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందని ఒకాయన తెస్తాడు. వైరస్ అంటాడాయన. ర్యామ్ అంటాడు మా కుర్రాడు. ర్యామ్ తీసి, పిన్నుల్ని రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతాం. అయినా ఆగకపోతే బాగున్న ర్యామ్ వేసి చూస్తాం. తరువాత బాగున్న ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. ఒకసారికి ఒకటే మారుస్తాం. ఏది ఉంటే రోగం ఉందో, ఏది తీస్తే రోగం పోయిందో అదే కారణం. తాతయ్య దీన్నే అన్వయమనీ వ్యతిరేకమనీ చెప్పేవాడు. ఒకప్పుడు బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయే కాలం ఒకటి నడిచింది, అప్పుడు మూత తీసి కంటితో చూస్తేనే సగం తగాదాలు తీరిపోయేవి.

ఇంత సులువైన చోట కూడా మనుషులు జల్పం ఆడతారు. ఇంటెల్ వాళ్ళు, ఏఎమ్‌డీ వాళ్ళు అని రెండు గోత్రాలున్న రోజులు నాకు తెలుసు. ఏఎమ్‌డీ తన చిప్పుకు అథ్లాన్ ఎక్స్‌పీ 2000 ప్లస్ అని పేరు పెట్టింది, అది నడిచేదేమో 1.67 గిగాహెర్ట్‌జ్ మీద. ఇదేం మోసమని ఒక గోత్రం, ఒక్కో టిక్కుకు పని ఎక్కువ చేస్తుంది కాబట్టి వేగం అంకెతో పనేమిటని రెండో గోత్రం. ఒకే ప్రోగ్రామ్ రెండింటి మీదా నడిపి టైమ్ చూస్తే తేలిపోతుంది. నడిపి చూపిస్తే ఓడిన గోత్రం, ఆ ప్రోగ్రామ్ ఎవరు రాశారని అడిగేది.

పెద్ద కంపెనీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1994లో అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కాలేజీ గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేస్తూ, కొత్త పెంటియం చిప్పు భాగహారం తప్పు చేస్తోందని పట్టుకున్నాడు. చిప్పులో భాగహారానికి వాడే పట్టికలో అయిదు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్పు 1.33373 ఇచ్చేది. తప్పు ఉందన్న దాంట్లో ఇక వివాదం లేదు. అప్పుడు తగాదా ఇంకో చోటికి జరిగింది. మామూలు వినియోగదారుడికి ఈ తప్పు 27,000 ఏళ్ళకోసారి తగులుతుందని ఇంటెల్ అంది. 24 రోజులకోసారి తగలవచ్చని ఐబీఎం లెక్కగట్టి, ఆ చిప్పున్న కంప్యూటర్ల సరఫరా ఆపింది. అంకగణితం ఇద్దరిదీ అదే. మామూలు వినియోగదారుడంటే రోజుకు ఎన్ని భాగహారాలు, ఎలాంటి అంకెలతో చేసేవాడు అన్న ఊహ దగ్గర ఇద్దరూ విడిపోయారు. ఐబీఎం కూడా సొంత చిప్పులు అమ్ముకునే సంస్థే, దాని ఊహకు దాని ప్రయోజనం దానికుంది. మొదట్లో అవసరమని చూపినవాళ్ళకే చిప్పు మారుస్తామన్న ఇంటెల్, డిసెంబర్ 20న అడిగినవాళ్ళందరికీ మారుస్తామని దిగొచ్చింది. అందుకు 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. రాజకీయం అసెంబ్లీలోనే పుడుతుందనుకునేవాళ్ళు ఈ కథ చదవాలి. ఒక భాగహారంలో అది పుట్టింది.

అటు నుంచి ఇటు కూడా చూడాలి. పేరు, పరువు, డబ్బు అన్నీ ఒడ్డి కూడా వాదం నడపవచ్చు. గాలితో నడిచే బండి, గాలి వీచే దిక్కుకే నేరుగా పోతూ, ఆ గాలికంటే వేగంగా పోగలదా? వినగానే కుదరదనిపిస్తుంది. గాలి వేగాన్ని అందుకోగానే బండికి గాలి తగలడమే ఆగిపోతుంది కదా, ఇంక తోసేదెవరు? రిక్ కవల్లారో అనే ఇంజనీరు, తన జట్టుతో కలిసి బ్లాక్‌బర్డ్ అనే బండి కట్టి 2010లో కాలిఫోర్నియాలోని ఎండిపోయిన సరస్సు మీద గాలికి 2.8 రెట్ల వేగంతో నడిపాడు. కీలకం ఏమిటంటే అక్కడ ప్రొపెల్లర్ చక్రాల్ని తిప్పదు, చక్రాలే ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి, ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెడుతుంది. నేలకూ గాలికీ మధ్య ఉన్న వేగం తేడా నుంచి శక్తి వస్తుంది. 2021లో సైన్సు వీడియోలు చేసే డెరెక్ మ్యుల్లర్ ఆ బండి తోలి వీడియో తీస్తే, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఫిజిక్స్ ప్రొఫెసర్ అలెగ్జాండర్ కుసెంకో అది భ్రమ అన్నాడు. గాలి ఉధృతి తగ్గినప్పుడు కొలిచి ఉంటారన్నాడు. ఇద్దరూ 10,000 డాలర్లు పందెం కాశారు. కాగితం మీద రాసుకున్నారు. సైన్సును జనానికి చెప్పడంలో పేరున్న బిల్ నై, నీల్ డీగ్రాస్ టైసన్, షాన్ క్యారల్ సాక్షులు. లెక్కలు, నమూనా ప్రయోగాలు చూశాక ప్రొఫెసర్ ఓటమి ఒప్పుకుని డబ్బు చెల్లించాడు.

మాస్టారికి ఈ కథంటే ప్రాణం. “ఫిజిక్స్ ప్రొఫెసర్ ఫిజిక్స్‌లో ఓడిపోయి డబ్బు కట్టాడయ్యా, అంతకంటే పెద్దమనిషి ఎవడుంటాడు” అంటారు. నాకు డబ్బు కంటే కాగితం ముఖ్యమనిపిస్తుంది. ఏది జరిగితే నేను ఓడినట్టు అన్నది ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు. ఫలితం వచ్చాక నియమం వెతుక్కోలేదు. అహంకారం ఇద్దరికీ ఉండే ఉంటుంది, లేకపోతే పందెం దాకా వెళ్ళరు. కాని అహంకారం తప్పించుకోవడానికి ఉన్న దారులు ముందే మూసేశారు.

ఇప్పుడు మూడు విషయాలూ ఒకచోట కలిసిన కథ. 2003 మే 18న బెల్జియంలో ఎన్నికలు. బ్రస్సెల్స్‌లో భాగమైన స్హార్‌బేక్‌లో కంప్యూటర్ ఓటింగు. ఒక అభ్యర్థికి రాగలిగినదానికంటే ఎక్కువ ఓట్లు వచ్చినట్టు యంత్రం చూపింది. అయస్కాంత కార్డుల మీద ఓట్లు నమోదై ఉన్నాయి కాబట్టి వాటిని మళ్ళీ చదివించారు. తేడా సరిగ్గా 4096. కంప్యూటర్‌తో పనిచేసేవాడికి ఆ అంకె చూడగానే వెన్ను జలదరిస్తుంది. పన్నెండు రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే వచ్చేది 4096. మెమరీలో ఒకే ఒక్క బిట్, పదమూడోది, సున్నా నుంచి ఒకటికి తిరగబడితే సరిగ్గా అంతే పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు. బిట్ దానంతటదే తిరగబడిందన్నారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన కణమేదో తగిలి ఉండవచ్చన్నది ఊహ, దాన్ని రుజువు చేసే మార్గం లేదు. సర్వర్లలో వేసే ఈసీసీ మెమరీ 64 బిట్లకు 8 బిట్లు అదనంగా పెట్టుకుని ఇలాంటి ఒక్క బిట్ తప్పును తనే దిద్దుకుంటుంది. మన ఇళ్ళలో సిస్టమ్‌లకు చాలావరకు అది ఉండదు.

ఈ కథ నేను షాపులో చెప్పిన రోజు జరిగిందే నాకు పాఠం. యంత్రాలను నమ్మకూడదనడానికి ఇదే రుజువన్నారు ఒకరు. తప్పు పట్టుకున్నారు, దిద్దారు, కాబట్టి నమ్మవచ్చనడానికి ఇదే రుజువన్నారు ఇంకొకరు. ఒకే ఉదాహరణ రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పింది. ఎవరు ఏ వైపు నిలబడ్డారో ఆ ఏడాది ఎవరి పార్టీ ఓడిందో తెలిస్తే చెప్పేయవచ్చు. మన ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ ఈ హైదరాబాద్‌లోనే ఉంది. వాటి మీద అనుమానం మాత్రం ఎప్పుడూ ఓడిన ఊళ్ళోనే పుడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒక పక్షం నుంచి వినబడిన అనుమానం 2024లో అవతలి పక్షం నుంచి వినబడింది. 2019లో అనుమానించినవాళ్ళు 2024కు నమ్మకస్తులయ్యారు. వేసిన ఓటును చీటీ మీద అచ్చువేసి చూపే వీవీప్యాట్‌లో ఆ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో అయిదు కేంద్రాల చీటీలు లెక్కించి సరిచూస్తారు, చీటీలన్నీ లెక్కించాలన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. అయిదు చాలునా, యాభై కావాలా అన్నది మంచి ప్రశ్న, సంఖ్యాశాస్త్రంతో చర్చించదగిన ప్రశ్న. ఆ ప్రశ్నను లెక్కింపుకు ముందు అడిగినవాడు వాది. ఫలితం చూశాక అడిగినవాడు ఎవరో గౌతముడు చెప్పి పెట్టాడు.

నిగ్రహస్థానాలు 22. ఓడిపోవడానికి 22 దారులు. మొదట చెప్పిన మాట వదిలేయడం ఒకటి, మెల్లగా ఇంకో మాటగా మార్చడం మరొకటి. “నేనట్లా అనలేదే” అని చెప్పిన మాటే ఎగ్గొట్టడం ప్రతిజ్ఞాసన్న్యాసం. హేతువు మార్చేయడం హేత్వంతరం. విషయం మార్చేయడం అర్థాంతరం. మూడుసార్లు చెప్పినా సభకూ ఎదుటివాడికీ బోధపడని భాషలో మాట్లాడటం కూడా ఓటమే. ఓడేలా ఉన్నప్పుడు “నాకు పనుంది, మళ్ళీ మాట్లాడదాం” అని లేచిపోవడం విక్షేపం. మా షాపులో దీని కోసం ఫోన్ మోగనక్కర్లేదు, మోగినట్టు చెవికి పెట్టుకుంటే చాలు. ఇక రాజకీయాల్లో రాజ్యమేలేది మతానుజ్ఞ. నీ మీద వచ్చిన నిందను కాదనకుండా, అదే నింద ఎదుటివాడి మీద వేయడం. “మీవాళ్ళు చెయ్యలేదా?” అన్నవాడు, మావాళ్ళు చేశారని ఆ మాటతోనే ఒప్పుకున్నాడని శాస్త్రం లెక్క. టీవీ చర్చల్లో ఈ ఒక్క స్థానాన్ని అమలు చేస్తే కార్యక్రమం పది నిమిషాలకు ముగుస్తుంది.

వీటిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అననుభాషణం. ఎదుటివాడు మూడుసార్లు చెప్పాడు, సభకు అర్థమైంది, ఆ మాట నువ్వు తిరిగి అప్పజెప్పలేకపోయావు, కాబట్టి నువ్వు ఓడావు. ఖండించలేకపోవడం సంగతి తరువాత, ముందు అతనేమన్నాడో చెప్పలేకపోవడమే ఓటమి. తాతయ్య దీన్ని ఇంట్లో కూడా పాటించేవాడు. నానమ్మతో తగువొస్తే “నువ్వన్నది ఇదే కదుటే?” అని ముందు ఆవిడ మాట ఆవిడకు వినిపించేవాడు. ఆవిడ కాదంటే మళ్ళీ చెప్పేవాడు. ఆవిడ అవునన్నాక సగం తగువులు అక్కడే సద్దుమణిగేవి. మిగిలిన సగంలో ఆయన ఓడిపోయేవాడు. ఈ నియమం మా షాపులో పెట్టి చూశాను. ఒక పార్టీ అభిమానిని అవతలి పార్టీ వాదనను, ఆ పార్టీ మనిషి “అవును, ఇదే” అనేలా చెప్పమన్నాను. గాలిబండి రహస్యం చెప్పడానికి తడుముకోని సాఫ్ట్‌వేర్ బాబు ఇక్కడ మూడో వాక్యానికి వెక్కిరింతలోకి జారాడు. అర్థం కాక జారలేదు. చెబితే తన నోటితో దానికి బలమిచ్చినట్టవుతుందన్న భయం అది.

వితండం గురించి కూడా ఒక మాట. తన పక్షం లేకుండా ఎదుటివాణ్ణి ఖండించడం ఎప్పుడూ తప్పేనా? నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్యుడు తనకంటూ ప్రతిజ్ఞే లేదని, కాబట్టి దోషమూ లేదని విగ్రహవ్యావర్తనిలో అన్నాడు. నైయాయికులకు అది ఒళ్ళుమండించింది. అయినా ఆయన్ను వితండవాది అని కొట్టేయడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే ఆయన ఎదుటి వాదాన్ని వాళ్ళకంటే బాగా చెప్పి, వాళ్ళ ప్రమాణాలతోనే పరీక్షిస్తాడు. మా షాపులో అన్ని పార్టీలూ దొంగలేనని ఒక్క మాటతో తేల్చి చాయ్ తాగి వెళ్ళే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయనకూ ప్రతిజ్ఞ లేదు. కాని ఆయన ఏ ఒక్క పార్టీ మాటా చివరిదాకా వినలేదు. నిలబడటానికి చోటు అక్కర్లేదన్న తత్త్వం వేరు, నిలబడితే దెబ్బ తగులుతుందన్న జాగ్రత్త వేరు.

రాజకీయం కొలతలకు లొంగదన్న మాటలో కొంత నిజముంది. పింఛను పెంచాలా, ఆ డబ్బుతో కాలువ తవ్వాలా అన్నది బకెట్లో గీత గీసి చెప్పలేం. ఏది ముందన్నది మన విలువల మీద ఉంటుంది. శాస్త్రం దీన్నీ మరిచిపోలేదు. సిద్ధాంతాలను నాలుగు రకాలు చేసింది. అందరూ ఒప్పుకునేవి కొన్ని, ఒక్కో సంప్రదాయం తనవరకు ఒప్పుకునేవి కొన్ని. ఇంకో దాని ఆధారంగా నిలిచేవి కొన్ని. చర్చ కోసం “సరే, నీదే నిజమనుకుందాం, అప్పుడేమవుతుందో చూద్దాం” అని తాత్కాలికంగా ఒప్పుకునేవి కొన్ని. పింఛను ముందా కాలువ ముందా అన్నది రెండో రకం. దాన్ని నా సంప్రదాయమని చెప్పుకోవడంలో సిగ్గు లేదు. కాలువ తవ్వితే ఎన్ని ఎకరాలు తడుస్తాయి, పింఛను ఎందరికి అందింది అన్నవి మొదటి రకంలోకి రావలసినవి. మన తగాదాల్లో జరిగే మోసమల్లా ఈ రెంటినీ కలిపేయడంలో ఉంది. విలువ దగ్గర దొరికిపోతే అంకె వెనక దాక్కుంటాం, అంకె దగ్గర దొరికిపోతే విలువ వెనక దాక్కుంటాం. 27,000 ఏళ్ళకూ 24 రోజులకూ మధ్య జరిగింది సరిగ్గా ఇదే.

గౌతముడు జల్పవితండాలను పూర్తిగా వెలివేయలేదు కూడా. మొలకలను కాపాడుకోవడానికి ముళ్ళకంప నాటినట్టు, తేలిన నిజాన్ని కాపాడుకోవడానికి అవి పనికొస్తాయన్నాడు. ఆ పోలిక ఆయనదే. అందులో ఇమిడి ఉన్న షరతు మనం చూడం. కంప నాటేముందు లోపల మొలక ఉండాలి. శిష్యుడితో, గురువుతో, తోటి విద్యార్థితో, అసూయ లేని మేలుకోరేవాళ్ళతో మాట్లాడి ముందు నిజం తేల్చుకోమన్న సూత్రం ఆ పోలికకు ముందే వస్తుంది. అవసరమైతే ఎదురు పక్షం ఏదీ పట్టుకోకుండా, తెలుసుకోవడం కోసమే వెళ్ళమని కూడా అంటుంది. మనం ఖాళీ మడి చుట్టూ ముళ్ళకంప వేసుకుని, ఏటేటా దాన్నే ఎత్తు పెంచుకుంటున్నాం.

ఇప్పుడు తాతయ్యను అడిగిన ప్రశ్నకు వస్తాను. రెండో సూత్రంలో గౌతముడు ఒక గొలుసు చెబుతాడు. దుఃఖానికి మూలం జన్మ, జన్మకు ప్రవృత్తి, ప్రవృత్తికి రాగద్వేషమోహాలనే దోషాలు, దోషాలకు మిథ్యాజ్ఞానం. మిథ్యాజ్ఞానం పోతే వరసగా మిగిలినవీ పోతాయి. మిథ్యాజ్ఞానం అంటే తెలియకపోవడం ఒక్కటే అయితే చదువు చాలు, 16 పదార్థాల్లో సగం అనవసరం. తెలియనివాడికి చెబితే తెలుస్తుంది, బకెట్ దగ్గర తమ్ముడికి తెలిసినట్టు. తెలిసినదాన్ని లోపలికి రానివ్వకపోవడం అసలు చిక్కు. ఒక అభిప్రాయం “నాది” అయిన క్షణం నుంచి దానికి రాగం పుడుతుంది, కాదన్నవాడి మీద ద్వేషం పుడుతుంది, ఆ రెండింటి మధ్య మోహం హాయిగా కాపురం పెడుతుంది. ఆత్మను పరిశీలించుకోవడానికి ధ్యానంలో కూచుంటే ఇది కనిపించకపోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు మనమందరం పెద్దమనుషులమే. ఎదుటివాడు కాదన్నప్పుడు, నలుగురు చూస్తున్నప్పుడు, మాట జారి హేతువు మార్చేసినప్పుడు, ఫోన్ మోగినట్టు లేచిపోయినప్పుడు రాగద్వేషాలు పట్టుబడతాయి. అందుకే ఛలాన్నీ నిగ్రహస్థానాలనూ మోక్షం ఇచ్చేవాటి జాబితాలో చేర్చారని నా నమ్మకం. ఎదుటివాణ్ణి పట్టుకోవడానికి వాటిని నేర్చుకుంటే జల్పం. తనలో వాటిని గుర్తుపట్టడానికి నేర్చుకుంటే సాధన. పట్టిక ఒకటే.

సాధన అనగానే కొండగుహ గుర్తొస్తుంది, కాని దీనికి షాపు బల్ల చాలు. గాలిబండి పందెంలో కాగితం చేసిన పని, మన తగాదాల్లో ఒక ప్రశ్న చేస్తుంది. “ఏం చూపిస్తే నీ మాట మార్చుకుంటావు?” ఫిజిక్స్ చిక్కుముడికి జవాబు వెంటనే వస్తుంది. ఏఎమ్‌డీ తగాదాకు కాస్త ఆలస్యంగా వస్తుంది. రాజకీయానికి చాలాసార్లు జవాబే రాదు, “ఏం చూపినా మార్చుకోను” అన్న నిజం బయటపడుతుంది. అప్పుడు వాదం మొదలుకాకుండానే ముగుస్తుంది, అదీ లాభమే, గొంతులు మిగులుతాయి. ఎదురు షాపు తమ్ముడు ఈ మధ్య నాతో వాదం పెట్టుకున్నాడు, ఈ ప్రశ్న గెలిచిన పార్టీవాళ్ళను ఎందుకడగరని. న్యాయమైన మాట. అందుకే ఒక పని చేద్దామన్నాను. వచ్చే ఎన్నికల ముందు, పోలింగుకు ముందే, తన పార్టీ ఓడితే ఏ రుజువు చూస్తే యంత్రం సరిగానే చెప్పిందని ఒప్పుకుంటాడో అతను రాయాలి. తన పార్టీ గెలిస్తే ఏ లోపం చూస్తే ఆ గెలుపును అనుమానిస్తాడో సాఫ్ట్‌వేర్ బాబు రాయాలి. ఇద్దరూ రెండు కాగితాలూ రాయాలని మాస్టారు సవరించారు, అదే సరైనది. లెక్కింపు అయ్యాక రాసినది చెల్లదు.